ఆకారమును చూచి భయపడవలెనా?

మన పేటలలో ఎవడైన విశాలమైన వక్షముతో, చిట్లి మానిన కనుబొమతో, అణగిన ముక్కుతో ఎదురుగా వచ్చినచో పిల్లలు తల్లుల చెంగుల చాటునకు చేరుదురు; పెద్దలు సయితము ఒక అడుగు ప్రక్కకు జరుగుదురు. 'అబ్బో, వస్తాదు వలె నున్నాడు' అనియో, 'బాక్సరు వలె నున్నాడు' అనియో అనుకొందురు. ఆ మాటలో మెప్పు కొంత, బెదురు కొంత కలిసి యుండును. బక్కపలుచగా నుండి నెమ్మదిగా మాటాడు వానిని చూచినచో, 'వీడేమి చేయగలడు?' అని తేల్చివేయుదురు. ఈ రెండు తీర్పులును ఒక్క చూపులో జరిగిపోవును. రెండింటికిని పునర్విచారణ లేదు. ఇట్టి తీర్పులు ఎంతవరకు సరియైనవో, వానివలన ఎవరికి నష్టము కలుగుచున్నదో ఈ వారము విచారింప దలచితిమి.

ఈ విచారణకు ముష్టియుద్ధమును మించిన రంగము లేదు. తక్కిన లోకములో ఎవడు నిజముగా బలవంతుడో, ఎవడు కేవలము బలవంతుని వలె కనబడునో తేల్చు అవకాశము అరుదు. బరిలోనన్ననో, తాళ్ల నడుమ, మూడు నిమిషముల కొకసారి గంట మ్రోగు లోపల, రూపమునకును శక్తికిని గల సంబంధము పదిమంది యెదుట పరీక్షకు వచ్చును. ఆ పరీక్షా ఫలితములను లోకము నూరేండ్లకు పైగా చూచుచునే యున్నది. అయినను పాఠము నేర్చినట్లు తోచదు.

మన పూర్వులకు ఈ సంగతి తెలియనిది కాదు. విరాటుని కొలువులో వంటలవాడుగా చేరిన వలలుని చేతిలో అందరును గరిటెనే చూచిరి. సాటి లేని మల్లుడనని జీమూతుడు సవాలు చేసి నిలిచిననాడు, వానిని కూల్చినది ఆ వంటలవాడే. అంతఃపురపు ఆడుపిల్లలకు ఆటపాటలు నేర్పు బృహన్నలను ఎవరును వీరుల లెక్కలో వేయలేదు. గోగ్రహణపు వేళ ప్రగల్భములు పలికి బయలుదేరిన ఉత్తరుడు కౌరవసేనను చూచినంతనే రథము దిగి పరుగెత్తగా, వానిని పట్టి తెచ్చి ధైర్యము చెప్పి, ఆ సేనను ఓడించినది ఆ నాట్యగురువే. 'ఉత్తరకుమార ప్రజ్ఞలు' అను పలుకుబడి నేటికిని మన యిండ్లలో నిలిచి యున్నది. కథను ఇంత బాగుగ జ్ఞాపక ముంచుకొనిన మనము, దాని నీతిని వీధిలో అడుగు పెట్టగానే మరచుచున్నాము. కోరమీసము, ఎర్రని కన్ను, గళ్ల లుంగీ కనబడగానే వీడు దుర్మార్గుడని తెలియజేయు చలనచిత్రముల అలవాటు మన చూపును ఇంకను మొద్దుబార్చినది.

మొట్టమొదట ముష్టియోధుని ముఖమును పరిశీలింతము. మనలను బెదరించు గుర్తులు అందు మూడు గలవు: అణగిన ముక్కు, గీతలు పడిన కనుబొమలు, ముడుచుకొని పోయిన చెవులు. ముక్కులోని మెత్తని ఎముక దెబ్బకు విరిగి, సరిగా అతుకక అణగిపోవును. కనుబొమ క్రింద ఎముక అంచు గట్టిది, పైచర్మము పలుచనిది. రెంటి నడుమ పడిన దెబ్బకు చర్మము చిట్లును. మానిన చోటు మరల మరల చిట్లును. చెవి చర్మమునకును లోపలి మృదువైన ఎముకకును నడుమ నెత్తురు చేరి, గడ్డకట్టి, గట్టిపడి చెవి ముడుచుకొని పోవును. ఈ మూడింటిలో ఏ ఒక్కటియు అతడు కొట్టిన దెబ్బకు గుర్తు కాదు. అన్నియు తిన్న దెబ్బల లెక్కలే. దెబ్బను తప్పించుకొను నేర్పు గలవాని ముఖము చాలకాలము నున్నగనే యుండును. మహమ్మదలీ తన ముఖమునకు మచ్చ లేదని సభలలో చెప్పుకొని మురియుచుండెడివాడు. అది వట్టి డంబము కాదు. తన విద్యకు తాను చూపుకొనిన నిదర్శనము. కావున మచ్చలను చూచి బెదరువాడు, ఎక్కువ దెబ్బలు తిన్నవానిని చూచి ఎక్కువ కొట్టగలవాడని భ్రమపడుచున్నాడు.

దేహము విషయమును ఇట్టిదే. ముష్టిఘాతపు బలము పిడికిలిలో పుట్టదు. అది మడమ నేలను త్రోయుటతో మొదలై, పిక్క, తొడ, నడుము, భుజముల మీదుగా సాగి చివరకు పిడికిలిని చేరును. నడుము తిరిగిన క్షణమునకును పిడికిలి తగిలిన క్షణమునకును పొంతన కుదిరినచో సన్నని చేయి కూడ మనిషిని కూల్చును. కుదరనిచో, ఎంత లావు చేయియైనను త్రోపుడుగనే మిగిలిపోవును. అద్దములో అందముగ కనబడు భారీ కండలు ఎక్కువ ప్రాణవాయువును కోరును. నాలుగైదు రౌండ్లు గడచుసరికి అవియే మోతబరువగును. బరువునకు విలువ లేదని మేము చెప్పుట లేదు. బరువును బట్టి తరగతులు ఏర్పరచుట ఆ విలువ తెలిసియే. అయితే తక్కెడ మీద సమానముగ తూగిన ఇద్దరిలో ఎవడు గెలుచునో వారి రూపమును చూచి చెప్పుట కష్టము.

ఈ మాటకు సాక్షులు పెక్కుమంది గలరు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో వేల్సు దేశమున జిమ్మీ వైల్డు అను బొగ్గుగని కుర్రవాడుండెను. ఎత్తు అయిదడుగుల రెండంగుళములు. బరువు సుమారు 49 కిలోలు. పాలిపోయిన ముఖము, పుల్లల వంటి కాళ్లు. చూచినవారికి జాలి కలుగునే గాని భయము కలుగదు. సంతలలోని గుడారములలో, ఎవరు వచ్చినను పోరాడు ఒప్పందముపై, తనకన్న ఎంతయో బరువైన వారిని వరుసగా పడగొట్టి అతడు పేరు తెచ్చుకొనెను. 1916లో ఫ్లై వెయిట్ తరగతిలో ప్రపంచ విజేతయై 1923 వరకు ఆ స్థానమున నిలిచెను. చేత సుత్తె పట్టిన దయ్యమని ఆనాటివారు అతనికి పేరు పెట్టిరి.

2021లో వచ్చిన 'సార్పట్టా పరంబరై' అను తమిళ చిత్రమును మన పాఠకులలో పలువురు చూచియే యుందురు. 1970ల నాటి ఉత్తర చెన్నపట్టణపు ముష్టియుద్ధ పరంపరల కథ అది. అందు 'డాన్సింగ్ రోజ్' అను పాత్ర, బరిలో గంతులు వేయుచు, నాట్యమాడుచు, విదూషకుని వలె కనబడి, బలిష్ఠుడైన ప్రత్యర్థిని ముప్పుతిప్పలు పెట్టును. ప్రేక్షకులు నాయకునితో సమానముగ ఆ పాత్రను ఆదరించిరి. అది కేవలము కల్పన కాదు. ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున ఎమెను దేశస్థుల ఇంట పుట్టిన నసీం హమీద్ నిజముగనే అట్లు పోరాడెడివాడు. తాళ్ల మీదుగా పిల్లిమొగ్గ వేసి బరిలో దిగెడివాడు. చిరుతపులి చారల లాగు తొడిగెడివాడు. 1995లో ఫెదర్ వెయిట్ విజేతయైన ఆ సన్నని యువకుని పిడికిలి తగిలినవారు తరచు లేవలేదు.

2019 జూన్ 1న న్యూయార్కు నగరమున జరిగిన పోటీ ఇంకొక ఉదాహరణ. శిల్పి చెక్కినట్లుండు దేహము గల ఆంథొనీ జాషువా ఒకవైపు. బొజ్జ ముందునకు వ్రేలాడు ఆండీ రూయిజ్ రెండవవైపు. ఆనాడు జాషువాతో పోరాడవలసిన మరియొకడు నిషిద్ధమైన మందులు వాడినట్లు పరీక్షలలో తేలుటచే, రూయిజ్ చివరి వారములలో పిలువబడెను. చూచినవారందరు నవ్విరి. మూడవ రౌండులో మొదట పడినవాడు రూయిజే. అయితే లేచి, జాషువాను నాలుగుసారులు నేలకు చేర్చి, ఏడవ రౌండులో గెలిచెను. ఆరు మాసముల తరువాత జరిగిన మారు పోటీలో ఇంకను లావెక్కి, సాధన లేక వచ్చి ఓడెను. ఈ రెండవ సంగతి గూడ చెప్పుట న్యాయము. బొజ్జ బలమునకు గుర్తు కానట్లే బలహీనతకును గుర్తు కాదు. సాధన యుండుటయు లేకుండుటయు మాత్రమే లెక్కకు వచ్చును.

మన తెలుగు నేల బిడ్డయగు నిఖత్ జరీన్‌ను గూడ ఇచ్చట స్మరింపవలెను. నిజామాబాదులో పుట్టిన ఆమె 2022లో ఇస్తాంబులు నగరమున 52 కిలోల తరగతిలోను, 2023లో ఢిల్లీలో 50 కిలోల తరగతిలోను ప్రపంచ విజేత యయ్యెను. ఏబది కిలోలనగా ఒక బియ్యపు బస్తా పాటి బరువు. సంతలో ఎదురైనచో ఆమెను చూచి ప్రక్కకు జరుగువాడు ఉండడు. సాధన మొదలిడిన దినములలో వాచిన కంటితో ఇంటికి రాగా తల్లి కన్నీరు పెట్టుకొనెనని ఆమెయే చెప్పి యున్నది. ఆ కన్నీటికి గల కారణము గమనింపుడు: పిల్ల ముఖము చెడునేమో, రేపు పెండ్లి ఎట్లగునో యను చింత. మగపిల్లవాని ముఖముపై గాయము పౌరుషమునకు గుర్తుగను, ఆడపిల్ల ముఖముపై గాయము నష్టముగను తోచు ఈ భేదము కూడ రూపమును చూచి తీర్పు చెప్పు మన అలవాటులోని భాగమే.

ఇంతవరకు అల్పముగ కనబడిన బలవంతులను చూచితిమి. ఇక భీకరముగ కనబడినవారి సంగతి. ఇది మరింత ఆలోచింపదగినది.

హెవీ వెయిట్ తరగతిలో సన్నీ లిస్టన్‌ను మించి లోకమును భయపెట్టినవాడు తక్కువ. ఆర్కెన్సా రాష్ట్రమున పాలికి సేద్యము చేయు నల్లజాతి కుటుంబములో, పెక్కుమంది సంతానములో ఒకడుగా పుట్టెను. చదువు లేదు. దోపిడీ నేరముపై చెరసాలకు పోయి, అచ్చటనే ముష్టియుద్ధము నేర్చెను. 1962 సెప్టెంబరు 25న ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను మొదటి రౌండులోనే పడగొట్టి ప్రపంచ విజేత యయ్యెను. మరుసటి యేడు మరల మొదటి రౌండులోనే పడగొట్టెను. అతడు నవ్వడు, మాటాడడు. బరి నడుమ ప్రత్యర్థిని రెప్ప వేయక చూచును. ఆ చూపును వర్ణించుచు పత్రికలవారు పుటలు నింపిరి. 1963 డిసెంబరులో 'ఎస్క్వైర్' పత్రిక అతనికి క్రిస్మసు తాత టోపీ పెట్టి ముఖచిత్రము ప్రచురింపగా అమెరికాలో పెద్ద దుమారము లేచెను.

ఆ మౌనమునకు ఒక కారణము పెక్కుమందికి పట్టలేదు. అతనికి వ్రాయను చదువను సరిగా రాదు. తనకన్న చదువుకొనినవారు తన్ను చుట్టుముట్టి ప్రశ్నలు గ్రుచ్చునపుడు మాటాడకుండుటయే అతనికి మిగిలిన రక్షణ. మొదటి విజయము పొంది ఫిలడెల్ఫియాకు విమానములో తిరిగి వచ్చునపుడు, తన్ను చూడ వచ్చు జనులతో ఇక మంచివాడుగ నుందునని ఏమేమి చెప్పవలెనో దారి పొడవున తలపోసికొనెనట. విమానము దిగునప్పటికి పదిమంది పత్రికలవారు తప్ప స్వాగతము చెప్పువారే లేరు. లోకము అతనికి రాక్షస వేషము కట్టినది. ఆ వేషము విప్పుటకు అనుమతి ఇవ్వలేదు.

అట్టివానిని 1964 ఫిబ్రవరి 25న మయామీలో కాషియస్ క్లే అను 22 ఏండ్ల యువకుడు ఎదిరించెను. తరువాత మహమ్మదలీ యైనది ఇతడే. ఆ ఉదయము బరువు తూచు వేళ క్లే పిచ్చివాని వలె కేకలు వేసెను. వైద్యుడు నాడి చూడగా మామూలుకన్న రెట్టింపునకు పైగా కొట్టుకొనుచుండెను. కుర్రవాడు భయముతో వణకుచున్నాడని అనేకులు నమ్మిరి. రాత్రి బరిలో ఆ కుర్రవాడు లిస్టన్ చుట్టును తుమ్మెద వలె తిరిగెను. ఏడవ రౌండునకు గంట మ్రోగినపుడు భుజము దెబ్బతిన్నదని చెప్పి పీట మీదనే కూర్చుండిపోయినవాడు లిస్టన్. కేకలు వేసినవాడు పిరికివాడు కాలేదు. రెప్ప వేయనివాడు అజేయుడు కాలేదు.

లిస్టన్ కన్న ముందటి జో లూయీ ముఖమును గూర్చి యొక మాట. 1937 నుండి 1949 వరకు ప్రపంచ విజేతగా నుండి, 25 పర్యాయములు తన బిరుదమును నిలబెట్టుకొనిన అతని ముఖమున ఏ భావమును కనబడెడిది కాదు. రాతి ముఖమని ప్రత్యర్థులు వణకిరి. ఆ రాతి ముఖము అతని స్వభావము మాత్రమే కాదు. అతని వ్యవహారకర్తలు నియమములు పెట్టిరి: పడిపోయిన తెల్లవాని పైన నిలిచి సంతోషము చూపరాదు, గెలిచితినని విర్రవీగరాదు. అంతకు ముందు జాక్ జాన్సన్ అను నల్లజాతి విజేత బహిరంగముగ నవ్వినందులకు తెల్లవారి ఆగ్రహమునకు గురియగుట వారికి తెలియును. జనులు క్రౌర్యమని భ్రమపడినది బ్రదుకుటకు నేర్చుకొనిన జాగ్రత్త.

ఇక భయము. ఇరువది యేండ్లకే 1986లో ప్రపంచ విజేతయైన మైక్ టైసన్, అంగరఖా లేక, మేజోళ్లు లేక, నల్ల లాగుతో బరిలోనికి నడచి వచ్చుచుండగనే ప్రత్యర్థులలో సగము మంది ఓడిపోయిరని చెప్పుదురు. 1988లో మైకేల్ స్పింక్స్ నిలిచినది 91 సెకన్లు. కాని ఆ మనిషి కంఠము సన్నము, మాట నత్తి. చిన్ననాట పెద్దపిల్లల ఎగతాళికి లోనై, పావురములను పెంచుకొనుచు కాలము గడపినవాడు. బరికి నడచు దారిలో తనకు కలుగు భయమును గూర్చి అతడే పలుమారు చెప్పి యున్నాడు. 1990 ఫిబ్రవరిలో టోకియోలో, ఎవరును లెక్కచేయని బస్టర్ డగ్లస్ తల్లిని పోగొట్టుకొనిన కొలది వారములకే వచ్చి, పదవ రౌండులో అతనిని పడగొట్టెను. లిస్టన్ చేత రెండు మారులు పడిన ప్యాటర్సన్ మృదుస్వభావి. తన భయమును దాచనివాడు. ఓడినచో ఎవరికిని కనబడక పోవలెనని పెట్టుడు గడ్డమును వెంట తీసికొని పోయినవాడు. ఆ మృదుస్వభావియే 21 ఏండ్ల వయసున విజేతయై, పోగొట్టుకొనిన హెవీ వెయిట్ బిరుదమును 1960లో తిరిగి గెలిచిన మొట్టమొదటివాడు. భయము ఇద్దరిలోను గలదు. ఒకడు దానిని చూపులోని కాఠిన్యముతో కప్పెను, ఇంకొకడు కప్పలేదు.

ఇన్నింటికి తలమానికమైన ఉదాహరణ జార్జి ఫోర్‌మన్. యౌవనమున లిస్టన్‌తో సాధన చేసి ఆ చూపును, ఆ మౌనమును గూడ అలవరచుకొనెను. 1973లో జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుమారులు పడగొట్టినపుడు అతనిని చూచి వెన్ను జలదరింపనివాడు లేడు. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో అలీ చేత ఓడెను. 1977లో బరి వదలి మతబోధకు డయ్యెను. హ్యూస్టనులో పిల్లలకొరకు వ్యాయామశాల నెలకొల్పెను. దాని ఖర్చులకు ధనము కావలసి 1987లో తిరిగి బరి నెక్కెను. ఈసారి వచ్చినవాడు బోడిగుండుతో, నిండు బొజ్జతో, నోరార నవ్వుచు, తన తిండిపోతుతనముపై తానే హాస్యము లాడువాడు. 1994 నవంబరు 5న, 45 ఏండ్ల వయసున, మైకేల్ మూరర్‌ను పదవ రౌండులో పడగొట్టి మరల ప్రపంచ విజేత యయ్యెను. 2025 మార్చిలో అతడు కన్నుమూసినపుడు లోకము ఆ నవ్వునే తలచుకొనెను. మనిషి ఒక్కడే, పిడికిళ్లు అవియే. ముఖము మారినది. ఇరువది యేండ్ల క్రిందటి ఆ చూపును అతడు చిరునవ్వుతో మార్చుకొనినపుడు పిడికిలి బలము తగ్గలేదు. తగ్గినది మన భయము మాత్రమే.

ఇచ్చట నొక ఆక్షేపణ రాగలదు. రూపమునకును శక్తికిని బొత్తిగా సంబంధము లేదా? ఉన్నదని చెప్పు పరిశోధనలు గలవు. ముష్టి, మల్ల విద్యలు కలిసిన పోటీలలోని యోధుల ముఖముల చిత్రములను చూపి, ఎవరు క్రూరముగ తోచుదురని అడుగగా, అట్లు తోచినవారు కొంత ఎక్కువగ గెలిచినట్లు 2013లో చెక్ దేశపు పరిశోధకులు ప్రకటించిరి. పోటీకి ముందు తీసిన చిత్రములలో ఎక్కువ నవ్వినవారు ఓడుట ఎక్కువని అదే సంవత్సరమున అమెరికాలో వేరొక పరిశోధన తేల్చినది. మేము వీనిని కాదనము. ముఖము కొంత చెప్పును. కాని ఆ కొంత, సంవత్సరముల తరబడి సాధన చేసి ఒకే బరిలో దిగిన యోధులకు సంబంధించినది. వీధిలో పోవు మనిషి మంచివాడో చెడ్డవాడో, పోట్లాటకు వచ్చునో రాడో అది చెప్పదు. ఆ నవ్వని లెక్కకు ఫోర్‌మన్ నవ్వు లొంగనే లేదు.

ఇక మన సంగతికి వత్తము. ముష్టియోధునికి బరిలో తన్ను తాను నిరూపించుకొను అవకాశము గలదు. సామాన్యునికి ఆ అవకాశము లేదు. రేవులలో బస్తాలు మోసి భుజములు కాయలు కట్టినవాడు, బండలు కొట్టి అరచేతులు మొరటుబారినవాడు, ఎండలో లారీ తోలి కన్నులెర్రబడినవాడు, వీరి దేహములకు ఆ గట్టితనము పని వలన వచ్చినది. ఆ గట్టితనమును చూచియే ఇల్లు అద్దెకిచ్చువారు తలుపు మూయుదురు. వీధిలో ఏదేని పోయినచో మొదటి చూపు వారిపై పడును. దెబ్బలు తిన్న ముఖమును కొట్టువాని ముఖమనుకొనుట ఎట్లో, కష్టము చేసిన దేహమును కీడు చేయు దేహమనుకొనుట అట్లే.

భాష తోడైనపుడు ఈ అన్యాయము రెట్టింపగును. ఈ సంగతి మనకు తెలిసినంతగ ఇతరులకు తెలియదు. ఊరి భాష రానివాడు మాటాడడు. మాటాడనివానిని చూచినవారు, వాని దేహము గట్టిదైనచో కరకువాడందురు, సన్ననిదైనచో తెలివితక్కువవాడందురు. లిస్టన్ మౌనమునకు కారణము అక్షరము రాకపోవుట. కొత్తగా వచ్చిన కూలివాని మౌనమునకు కారణము ఇరుగుపొరుగు మాట రాకపోవుట. పాలమూరు నుండియు శ్రీకాకుళము నుండియు పనికొరకు పొరుగు రాష్ట్రముల నగరములకు వచ్చి, కట్టడముల వద్ద మౌనముగ నిలుచు మనవారిని ఆయా నగరములవారు ఎట్లు చూచుచున్నారో మనము ఎరుగుదుము. మన తాతముత్తాతలు షోలాపూరు మగ్గముల వద్దను, ముంబాయి కట్టడముల వద్దను మొదటి దినములలో అట్లే నిలిచి యుందురు.

కాని మనవంతు తప్పును గూడ చెప్పుకొనవలెను. తరతరములుగా స్థిరపడి, ఊరి భాష నోట నాటుకొనిన మనము, నేడు చెన్నపట్టణమునకును బెంగుళూరునకును ఉత్తరాది నుండియు ఈశాన్యము నుండియు పనికి వచ్చిన యువకులను ఏ చూపుతో చూచుచున్నాము? నలుగురు కలిసి మూలనున్న అంగడి వద్ద నిలిచినచో 'వీరెవరో, చూచుటకే భయముగ నున్నారు' అని అనుకొనని గృహస్థులు మనలో ఎందరు? వారు మాటాడరు, మనకు వారి మాట రాదు. ఆ మౌనములోనికి మనము క్రౌర్యమును నింపుచున్నాము.

ఈ తీర్పు వలన నష్టపడు రెండవ వర్గము మన మగపిల్లలే. బలవంతుడై యుండుటకన్న బలవంతునిగా కనబడుట ముఖ్యమని వారికి లోకము నేర్పుచున్నది. జిమ్ములకు పోవుటను మేము నిషేధింపము, వ్యాయామము మంచిదే. మూడు మాసములలో చిత్రములలోని నాయకుని ఛాతీ రావలెనని తొందరపడి, ఎవరో చెప్పిన సూదిమందులు పొడిపించుకొను పిల్లల గతి యేమి? కండ పెంచు స్టెరాయిడ్లు గుండెకును కాలేయమునకును హాని చేయును. పురుషత్వమును సయితము చెరచును. బరిలో ఒక్క రౌండు నిలువలేని కండకొరకు బ్రదుకంత చెల్లింపవలసి వచ్చును. ఛాతీ రాని పిల్లవాడు తాను మగవాడనే కానని కుమిలిపోవుట వేరొక హాని. నెమ్మదిగల బాలుని 'ఆడంగి' యని వెక్కిరించు బంధువులు బృహన్నల కథను మరల ఒకసారి వినవలెను.

కర్తవ్యమేమి? మొదటిది, తల్లిదండ్రులు పిల్లల బలమును భుజముల వెడల్పుతో కొలుచుట మానవలెను. చెప్పిన సమయమునకు లేచునా, మొదలుపెట్టిన పనిని విసుగక చేయునా, ఓడినపుడు మరల నిలుచునా, ఇవి చూడవలెను. రెండవది, అందుబాటులో మంచి శిక్షకుడున్నచోట కొడుకులతో పాటు కూతుండ్రను గూడ ముష్టియుద్ధ సాధనకు పంపుటకు వెనుదీయరాదు. అచ్చట నేర్పు మొదటి పాఠము గడ్డమును దించి చేతులు ఎత్తి తన్ను కాపాడుకొనుట. రెండవ పాఠము కోపమును అణచుకొనుట. కోపముతో కొట్టువాడు తెరచుకొని కొట్టును. తెరచుకొనినవాడు దెబ్బ తినును. నెలదినములు బరిలో తిరిగిన పిల్లవానికి వీధి పోట్లాటపై మోజు తగ్గుట సహజము.

అయితే ఒక హెచ్చరిక. తలకు తగులు దెబ్బలు మెదడును చెరచునను సంగతిని హారిసన్ మార్ట్‌లాండ్ అను అమెరికా వైద్యుడు 1928లోనే వెల్లడించెను. 1980లో చెన్నపట్టణమునకు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ చేసి మనవారిని అలరించిన అలీకి, నాలుగేండ్లకే కంపవాతమని వైద్యులు తేల్చిరి. 2016లో మరణించువరకు అది అతనిని వదలలేదు. ఎంత తిన్నను లొంగని తల పౌరుషమునకు నిదర్శనమను భ్రాంతియే ఇట్టి హానిని పెంచినది. తలకు రక్షణ, వైద్యుని పర్యవేక్షణ, దెబ్బ తగిలిన తరువాత తగిన విశ్రాంతి లేని శిక్షణకు పిల్లలను పంపరాదు. నొప్పిగ నున్నదని చెప్పు పిల్లవానిని పిరికివాడని మందలించు శిక్షకుని వద్ద ఒక్క దినమైనను ఉంచరాదు.

మూడవది, అందరును చేయదగినది, ఖర్చు లేనిది. రేపు మీ వీధిలో గట్టి దేహము గల అపరిచితుడు మౌనముగ నిలిచి యుండగా చూచినచో, వానికి మీకు వచ్చిన రెండు మాటలలో కుశలమడుగుడు. ఊరేది, పనియేది, భోజనమైనదా అని అడుగుడు. జవాబు సగము అర్థము కాకపోయినను ఫరవాలేదు. ఆ ముఖము వేషమో, అలసటయో, భయమో, భాష రానితనమో అప్పుడు తెలియగలదు. ఫిలడెల్ఫియా విమానాశ్రయమున ఆనాడు పదిమంది ఊరివారు నిలిచి రమ్మని పలుకరించి యుండినచో లిస్టన్ కథ ఏ త్రోవ పట్టెడిదో ఎవరు చెప్పగలరు? మన ఊరి రైలు స్టేషనులో దిగువారి విషయమున ఆ లోపము మన చేత జరుగకుండుగాక.